జీతాల పని బయటికి, తాళాలు మిల్లులోనే: ఆదోని ప్రాజెక్టు డైరీ

జూన్ 2025: ఏది ఇవ్వాలి, ఏది ఉంచుకోవాలి

ఆదోనిలో పత్తి జిన్నింగ్ (గింజ నుంచి దూది వేరుచేయడం), ప్రెస్సింగ్ (దూదిని బేళ్లుగా అదమడం) మిల్లు. ఆ ఆవరణలోనే పత్తిగింజల నూనె మిల్లు. సీజన్లో మొత్తం 146 మంది పనిచేస్తారు. వీళ్లలో ఏడాది పొడుగునా ఉండేది 38 మంది: నూనె మిల్లువాళ్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్, కాటా గుమాస్తా, ఆఫీసు. జిన్ హాలుకు, ప్రెస్సుకు, పత్తిలో చెత్త ఏరడానికి సీజన్‌కు వచ్చేవాళ్లు 77. మేస్త్రీ కింద హమాలీలు 24. గేటు కాపలా 7.

ఇన్నాళ్లూ జీతాల లెక్క ఒక గుమాస్తా చేతిలో, ఒక ఎక్సెల్ షీటులో నడిచింది. ఆయన వచ్చే ఏడాది రిటైరవుతారు. జీతాల లెక్క, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), వృత్తి పన్ను, చేరేవాళ్ల కాగితాలు బయటి సంస్థకు ఇవ్వాలన్నది నిర్ణయం. కాపలా ఏజెన్సీకి పోతుంది. హమాలీల ఒప్పందం నోటిమాట మీద నుంచి కాగితం మీదికి రావాలి.

బయటికి పోకూడని వాటి జాబితా ముందు రాసుకున్నాం, పోయేవాటి జాబితా కంటే అదే ముఖ్యం. మనిషిని తీసుకోవడం, కూలి రేటు నిర్ణయించడం, సెలవు ఇవ్వడం, క్రమశిక్షణ చర్య, బ్యాంకులో చివరి ఆమోదం, పోర్టళ్ల పాస్‌వర్డులు, ఫిర్యాదు వినడం మిల్లులోనే ఉంటాయి. ఆడవాళ్ల మీద వేధింపుల విషయంలో 2013 చట్టం కింద వేయాల్సిన అంతర్గత కమిటీ కూడా మిల్లుదే. పదిమంది, ఆపైన ఉన్నచోట అది తప్పనిసరి, దానికి బయటి నుంచి ఒకరు సభ్యులుగా కావాలి. బయటి సంస్థ శిక్షణ ఇవ్వగలదు, కమిటీగా కూర్చోలేదు.

ఎందుకింత పట్టింపు అంటే, పని ఎవరు చేసినా చట్టం అడిగేది మిల్లునే. బయటి సంస్థ పీఎఫ్ ఒక నెల ఆలస్యంగా కడితే ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన నెలకు 1 శాతం నష్టపరిహారం మిల్లు మీదే పడతాయి. ఇంకోటి చాలామంది గమనించరు. కార్మికుడి జీతంలోంచి కోసిన వాటా గడువు తేదీకి ఒక్కరోజు దాటినా అప్పటి ఆదాయపు పన్ను లెక్కలో ఆ మొత్తం ఖర్చుగా చెల్లేది కాదు. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇది తేల్చేసింది. తర్వాత కట్టినా ఆ మినహాయింపు తిరిగి వచ్చేది కాదు.

జూలై: కొటేషన్లు

మూడు కొటేషన్లు వచ్చాయి. కర్నూలు నుంచి ఒకటి, హైదరాబాదు నుంచి ఒకటి, బెంగళూరు నుంచి ఒకటి. ధర కంటే ముందు రెండు ప్రశ్నలు పంపి, జవాబు చూసి వడపోశాం.

మొదటి ప్రశ్న: ఈ మిల్లుకు ఈఎస్ఐ వర్తిస్తుందా? సీజనల్ ఫ్యాక్టరీలకు ఈఎస్ఐ చట్టం వర్తించదు, పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ ఆ జాబితాలో పేరుపెట్టి ఉన్నాయి. కానీ ఆ మినహాయింపు అచ్చంగా ఆ పని మాత్రమే చేసే ఫ్యాక్టరీకి. ఇక్కడ నూనె మిల్లు ఏడాదంతా తిరుగుతుంది, ఆవరణ ఒకటే, యాజమాన్యం ఒకటే. అందుకే ఈఎస్ఐ కట్టాలి, మిల్లు మొదటి నుంచీ కడుతోంది. ఒక కొటేషన్లో ‘సీజనల్ కాబట్టి ఈఎస్ఐ అక్కర్లేదు, ఆదా’ అని రాశారు. దాన్ని అక్కడితో పక్కనపెట్టాం. జిన్నింగ్ ఒక్కటే ఉండి ఈఎస్ఐ లేని మిల్లులైతే ప్రమాద పరిహారానికి విడిగా ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవాలి. జిన్ రోలర్ దగ్గర చెయ్యి పోతే ఆదుకునేది మరొకటి లేదు.

రెండో ప్రశ్న: సీజన్ అయిపోయాక బిల్లు ఎంత? ఒకరు మనిషికి నెలకు 110 రూపాయలు, కనీసం 100 మంది లెక్కన బిల్లు అన్నారు. జీతాల పట్టీలో ఉండేది సీజన్లో 115 మంది, తర్వాత 38 మందే. ఐదు నెలల సీజన్‌కు 63,250, మిగతా ఏడు నెలలు లేని మనుషులకు కూడా కలిపి 77,000, మొత్తం 1,40,250. బేరం ఇంకోలా తిప్పాం: నెలకు 4,500 స్థిరం, మనిషికి 60. సీజన్ నెలకు 11,400, మిగతా నెలకు 6,780, ఏడాదికి 1,04,460. జీఎస్టీ 18 శాతం వేరు. సీజన్ మీద బతికే వ్యాపారాలన్నీ, పత్తి మిల్లయినా వేరుశనగ మిల్లయినా, కనీస బిల్లు షరతును మొదట వెతకాలి.

ఒప్పందంలో పట్టుబట్టి పెట్టించినవి:

వాళ్ల తప్పు వల్ల పడే వడ్డీ, నష్టపరిహారం వాళ్లే భరించాలి. నెల మధ్యలో వెళ్లిపోయేవాళ్ల లెక్కకు వారానికి రెండుసార్లు అదనపు రుసుము లేకుండా చేయాలి. ఒప్పందం ముగిస్తే 15 రోజుల్లో మొత్తం డేటా ఎక్సెల్‌లో ఇవ్వాలి, పీడీఎఫ్ చెల్లదు. ఆధార్ కాపీలు, బ్యాంకు వివరాలు వేరే పనికి వాడకూడదు, ముగిశాక చెరిపేసి రాతపూర్వకంగా చెప్పాలి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో డేటా బయటికి పొక్కితే జవాబుదారీ మిల్లే, పని చేసిపెట్టే సంస్థ కాదు.

వాళ్లు మొదట ఒప్పుకోనిది ఒకటుంది. పీఎఫ్ పోర్టల్లో తమ ఫోను నంబరు, తమ మెయిల్ పెడతామన్నారు, ఓటీపీలకు సులువని. చాలాచోట్ల ఇలాగే జరుగుతుంది. ఆ సంస్థతో చెడిన రోజున పోర్టల్లోకి పోవడానికి మిల్లుకు దారి ఉండదు. మిల్లు పేరున ఒక సిమ్, ఒక మెయిల్ తీసి ఆ రెండే అన్ని పోర్టళ్లలో పెట్టాం. డిజిటల్ సంతకం టోకెన్ ఆఫీసు బీరువాలో ఉంటుంది. వాళ్లు ఫైలు తయారుచేసి ఎక్కిస్తారు, ఆమోదం ఇక్కడ నొక్కుతారు. నెలకు అరగంట పని ఎక్కువ, అయినా ఇందులో వెనక్కి తగ్గేది లేదని చెబితే చివరికి ఒప్పుకున్నారు.

ఆగస్టు: పేర్లు

అన్నిటికంటే ఎక్కువ కాలం తిన్నది పేర్ల సవరణ. ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పేర్లు మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటాయి. ఆధార్‌లో బోయ ఈరన్న, పీఎఫ్‌లో వీరన్న బి, పాస్‌బుక్కులో ఈరణ్ణ. హుసేనమ్మ, హుస్సేనమ్మ, హుసేన్‌బీ ఒక్క మనిషే. కన్నడం, ఉర్దూ, తెలుగు కలిసి నడిచే ఊళ్లలో రాసే గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా పడ్డాయి. పుట్టిన తేదీలు సగానికి పైగా జనవరి 1.

115 పేర్లను నాలుగు నిలువు వరసల్లో పెట్టాం: ఆధార్, పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు. 41 పేర్లలో ఎక్కడో ఒకచోట తేడా. వరస ఇలా పెట్టుకుంటే పని తగ్గుతుంది. ముందు ఆధార్ సరిగ్గా ఉందో లేదో మనిషినే అడగాలి. తప్పుంటే మొదట ఆధార్ సవరించాలి, ఆ తర్వాతే పీఎఫ్, చివర బ్యాంకు. తప్పు ఆధార్‌కు సరిపోయేలా పీఎఫ్ మార్చేసి, ఆరు నెలల తర్వాత ఆధార్ దిద్దుకుంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

యూఏఎన్ అంటే పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు. తొమ్మిదిమందికి రెండేసి యూఏఎన్‌లు ఉన్నాయి. సీజన్ సీజన్‌కు కొత్తగా చేర్చుకున్నట్టు రాయడం వల్ల ఇలా అవుతుంది. పాత యూఏఎన్ ఆధార్‌తో ముడిపడి ఉంటే అదే వాడి, రెండోదాంట్లోని సర్వీసును దానిలోకి బదిలీ చేయించాలి. ఇది కంప్యూటరు పనిగా కనబడుతుంది గానీ ఏరివేత పని చేసే ఒక ఆడమనిషి పింఛను దీని మీదే ఉంది. పీఎఫ్ పింఛను పథకంలో సీజన్ పనివాళ్లకు ఒక మేలు ఉంది: ఏడాదిలో సీజన్ మేరకే పనిచేసినా అది పూర్తి ఏడాది సర్వీసు కింద లెక్క. పింఛనుకు అర్హత పదేళ్లు. అంటే పది సీజన్లు. సర్వీసు రెండు నంబర్ల మధ్య చీలిపోయినా, ఒక సీజన్లో పేరు ఎగిరిపోయినా ఆ పదిలో ఒకటి తగ్గినట్టే.

ఆగస్టు 1 నుంచి కొత్తగా చేరేవాళ్ల యూఏఎన్ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీయాలి. బయటి సంస్థ బెంగళూరులో కూర్చుని ఇది చేయలేదు, మనిషి ఎదురుగా ఉండాలి. గేటు పక్క గదిలో తెల్లగోడ, కిటికీ వెలుగు ముఖం మీద పడేలా ఒక స్టూలు, ఫేస్ యాప్ వేసిన ఫోను. ఆధార్‌కు లింకైన నంబరున్న ఫోను వెంట తెచ్చుకోమని ముందురోజే చెప్పాలి. ఆడవాళ్లలో ఎక్కువమందికి లింకైన నంబరు కొడుకుదో మొగుడిదో అయివుంటుంది, ఆ కొడుకు ఆ టైముకు ఏ హైదరాబాదులోనో ఉంటాడు.

బ్యాంకు ఖాతాలు: గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఒక్కటయ్యాయి, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్లోనే యూనియన్ బ్యాంకులో కలిసింది. పాస్‌బుక్కు పాత జిరాక్సు మీద ఉన్న శాఖ కోడ్ నమ్మి జీతం పంపకూడదు. ప్రతి ఖాతాకు ఒక రూపాయి పంపి, అటువైపు చూపించిన పేరు సరిచూసి, అప్పుడే ఫైలులోకి ఎక్కించాం.

సెప్టెంబరు: జంట లెక్క

గుమాస్తా లెక్క, బయటి సంస్థ లెక్క పక్కపక్కన నడిపాం. ఏడాదంతా ఉండే 38 మందితో పాటు, గత సీజన్ జనవరి మస్టరును (హాజరు పట్టీని) కూడా పరీక్షకు ఇచ్చాం. ఎందుకంటే ఓవర్‌టైము, సెలవులు, మధ్యలో మానేసినవాళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. శాంతంగా ఉండే నెల మీద పరీక్షించి సంతోషపడితే నవంబరులో పట్టుబడతాం.

తేడాలు ఎక్కడ వచ్చాయో ఒక మనిషి లెక్కతో చెప్పడం మేలు. రోజు కూలి 520, పని రోజులు 26, జీతం 13,520. ఓవర్‌టైము 8 గంటలు. గంట కూలి 65, రెట్టింపు 130, మొత్తం 1,040. కోతలకు ముందు మొత్తం 14,560.

పీఎఫ్ ఓవర్‌టైము మీద ఉండదు. 13,520 మీద 12 శాతం 1,622.40, దగ్గరి రూపాయికి 1,622. మిల్లు వాటా కూడా అంతే, అందులో 8.33 శాతం అంటే 1,126 పింఛనుకు, మిగిలిన 496 పీఎఫ్‌కు. ఇది కాక మిల్లు మీద నిర్వహణ ఖర్చు అర శాతం, బీమా అర శాతం. ఈఎస్ఐకి మాత్రం అప్పటి నియమం ప్రకారం ఓవర్‌టైము కలిసేది. 14,560 మీద 0.75 శాతం 109.20. ఇక్కడ దగ్గరి రూపాయి కాదు, పై రూపాయి: 110. మిల్లు 3.25 శాతం 473.20, అది 474.

సంస్థ సాఫ్ట్‌వేరు ఈఎస్ఐని కూడా దగ్గరి రూపాయికి దించింది. మనిషికి ఒక రూపాయే తేడా, అయినా పోర్టల్ లెక్కకూ జీతం చీటీకీ పొంతన కుదరదు. ఈఎస్ఐకి నెల జీతం పరిమితి 21,000. ఆ పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైము కలపకూడదు, వాటా కోసేటప్పుడు కలపాలి, అప్పటి నియమం అది. వాళ్లు రెండుచోట్లా కలిపారు, దాంతో ఇద్దరు ఫిట్టర్లు ఈఎస్ఐ నుంచి బయటపడ్డారు. ఇంకోటి, ఏప్రిల్-సెప్టెంబరు, అక్టోబరు-మార్చి అనే ఆర్నెల్ల కాలాల్లో మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం అయ్యేదాకా వాటా ఆపకూడదు. ఆపితే ఆ ఇంట్లో కాన్పో ఆపరేషనో వచ్చినప్పుడు కార్డు పనిచేయదు.

వృత్తి పన్ను 15,000 వరకు లేదు, 20,000 వరకు 150, ఆపైన 200. ఓవర్‌టైముతో 15,000 దాటిన నెలకు 150 కోయాలి, తర్వాతి నెల మళ్లీ ఉండదు. ఒకసారి టిక్కు పెడితే ప్రతి నెలా కోసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఇది అలాంటిదే. సరిచేయించాం.

58 ఏళ్లు దాటిన నలుగురికి పింఛను వాటా ఆగి మొత్తం 12 శాతం పీఎఫ్‌కే పోవాలి. జనవరి 1 పుట్టిన తేదీల సంగతి ఇక్కడ మళ్లీ తగిలింది.

పీఎఫ్ ఫైలు ఒక టెక్స్ట్ ఫైలు, మనిషికి ఒక వరుస, వరుసలో 11 గడులు. పదో గడి జీతం లేని రోజులు. అందరికీ సున్నా పెట్టి పంపే అలవాటు ఎక్కువ. 14 రోజులే పనిచేసిన మనిషికి అక్కడ సున్నా ఉంటే రోజు కూలి సగమే ఇచ్చినట్టు కనబడుతుంది, తనిఖీలో మొదటి ప్రశ్న అదే అవుతుంది.

హాజరు యంత్రం: వేలిముద్ర పెట్టలేదు. హమాలీల చేతులకు, దూది పట్టే చేతులకు గీతలు అరిగిపోయి ఉంటాయి. ముఖం చూసే యంత్రం తెచ్చాం, దానికీ షరతులున్నాయి. పడమటి ఎండ సూటిగా పడకూడదు. దూది నూగు కెమెరా మీద పేరుకుంటుంది, షిఫ్టు మారేముందు మెత్తటి గుడ్డతో తుడవాలి. ముక్కుకు కొంగు కట్టుకుని వచ్చే ఆడవాళ్లను కొంగు తీయమని గేటు దగ్గర మగ కాపలావాడు చెప్పకూడదు, ఏరివేత మేస్త్రమ్మ చెప్పాలి. కరెంటు పోతే నాలుగు గంటలు నిలిచే బ్యాటరీ, నెట్ పోతే యంత్రంలోనే నిలవ. వీటన్నిటి తర్వాత కూడా చేతిరాత మస్టరు ఈ సీజనంతా నడుస్తుంది.

అక్టోబరు: కాపలా

రెండు చోట్ల కాపలా, మెయిన్ గేటు, పత్తి యార్డు. ఒక చోటికి మూడు షిఫ్టులు, వారం సెలవుతో కలిపి మూడున్నర మంది. రెండు చోట్లకు ఏడుగురు. ఒక ఏజెన్సీ ‘12 గంటల డ్యూటీ, మనిషికి 14,000, నలుగురు చాలు’ అంది. లెక్క వేసి చూస్తే, రోజుకు 500 చొప్పున 8 గంటలకు 26 రోజులు 13,000. రోజూ మిగతా 4 గంటలు రెట్టింపు కూలితో ఇంకో 13,000. న్యాయంగా 26,000 ఇవ్వాల్సిన పనికి, పీఎఫ్, ఏజెన్సీ లాభం అన్నీ కలిపి 14,000 ఎలా సరిపోతుంది? కాపలా మనిషి కడుపు కొట్టి తగ్గించిన ధర అది. దాన్ని తీసుకుంటే రేపు బాకీ అడిగేది మిల్లునే.

8 గంటల మనిషికి ఒప్పుకున్న విడివిడి లెక్క: కూలి 13,000, పీఎఫ్ 13 శాతం 1,690, ఈఎస్ఐ 423, బోనస్ 8.33 శాతం 1,083, మొత్తం 16,196. సర్వీసు చార్జీ 6 శాతం 972. అంతా కలిపి 17,168. సెలవు కూలి, యూనిఫాం వేరే వరుసలో. ఒక్క మొత్తంగా బిల్లిచ్చే ఏజెన్సీని తీసుకోవద్దు, ఏ పద్దులో ఎంత మిగుల్చుకుంటున్నారో తెలియదు.

జీఎస్టీలో ఒక మెలిక. ఏజెన్సీ సొంత యాజమాన్యమో భాగస్వామ్యమో అయి, తీసుకునే మిల్లు జీఎస్టీలో నమోదై ఉంటే, 2019 జనవరి నుంచి కాపలా సేవ మీద 18 శాతం పన్ను ఏజెన్సీ కాదు, మిల్లే నేరుగా కట్టాలి. కంపెనీ అయితే బిల్లులోనే వస్తుంది. 2005 చట్టం కింద ప్రైవేటు సెక్యూరిటీ లైసెన్సు ఉందో లేదో కాపీ కాదు, అసలు చూడాలి.

కాపలావాళ్లకు తెలుగులో ఒక పేజీ సూచనలు ఇచ్చాం. మొదటిది బీడీ, అగ్గిపెట్టె. ఈ మిల్లులో ఆరడుగుల మనిషిని ఆపడం కంటే అగ్గిపెట్టెను ఆపడం పెద్ద పని.

నవంబరు: హమాలీలు, కొత్త కోడ్‌లు

హమాలీలకు బేలు లెక్కన కూలి. బేలు 170 కిలోలు. మేస్త్రీ మొత్తం డబ్బు తీసుకుని పంచుతాడు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో మిల్లు దగ్గర కాగితం లేదు. బేలు లెక్క కూలి కాబట్టి పీఎఫ్ లేదనుకోవడం ఈ ప్రాంతంలో గట్టిగా పాతుకుపోయిన పొరపాటు. బేలుకు ఇచ్చినా రోజుకు ఇచ్చినా పీఎఫ్ మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. మేస్త్రీకి సొంత పీఎఫ్ కోడ్ లేకపోతే మిల్లు కట్టి అతని బిల్లులో పట్టుకోవాలి.

రోజు చీటీ పద్ధతి పెట్టాం. పొద్దున మేస్త్రీ పేర్లు చెబుతాడు, కాటా గుమాస్తా రాస్తాడు. సాయంత్రం బేళ్ల లెక్క దాని కింద. 20 మంది వచ్చిన రోజు సంపాదన 14,400 అయితే మనిషికి 720. పని తక్కువై మనిషికి పడేది కనీస వేతనం కంటే దిగితే ఆ తేడా మిల్లు కలపాలి. చీటీ మీద ఇద్దరి సంతకం.

మేస్త్రీ అభ్యంతరం న్యాయమైనదే: ‘చేతికొచ్చేది తగ్గితే మావాళ్లు నిలవరు సార్, సుగ్గికే పోతారు.’ సుగ్గి అంటే కూలి కోసం వేరే ఊళ్లకు వలస. 12 శాతం కోత కనబడుతుంది, మిల్లు కలిపే వాటా కనబడదు. అందుకే జీతం చీటీలో కోత పక్కనే ‘మిల్లు వేసినది’ అని ఇంకో గడి పెట్టించాం. పెద్ద అక్షరాలు, తెలుగు, ఏడే వరుసలు. ఫోనుకు పంపడం కాకుండా కాగితం మీద ఇస్తున్నాం.

పాత సీజన్ల బాకీకి దారి దొరికింది. 2025 నవంబరు 1 నుంచి 2026 ఏప్రిల్ 30 దాకా పీఎఫ్ సంస్థ నమోదు ప్రచారం పెట్టింది. 2017 జూలై 1 నుంచి 2025 అక్టోబరు 31 మధ్య వదిలేసిన మనిషి ఇంకా పనిలో ఉంటే ఆ గడువులో ప్రకటించవచ్చు. కార్మికుడి వాటా అప్పుడు కోసి ఉండకపోతే అది మాఫీ. మిల్లు తన వాటా, వడ్డీ, నిర్వహణ ఖర్చు, నష్టపరిహారం కింద 100 రూపాయలు కడితే చాలు. హమాలీల్లో 17 మంది పాత చీటీలతో దీనికిందికి వస్తారు. బయటి సంస్థ దీన్ని తన పని కాదంది, ఒప్పందంలో లేదు కాబట్టి న్యాయమే. విడిగా రుసుము మాట్లాడి చేయించాం.

కొత్త ఉద్యోగాల ప్రోత్సాహక పథకం డబ్బును సంస్థ తన బ్రోషరులో మిల్లుకు లాభంగా చూపింది. 50 మంది, ఆపైన ఉన్నచోట కనీసం ఐదుగురు కొత్తవాళ్లు, ఆరు నెలలు నిలవాలి. సీజన్ ఐదు నెలలు. సీజన్ మనుషుల మీద ఒక్క రూపాయి కూడా లెక్కలో పెట్టలేదు.

నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. ఈ పనికి తగిలేవి ఇవి. వేతనం నిర్వచనంలో అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే ఆ దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. రోజు కూలీలకు ఇబ్బంది లేదు, ఆఫీసు సిబ్బందిలో ఆరుగురి జీతం విడగొట్టిన తీరు మార్చాలి. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. పని మానినవాళ్ల లెక్క రెండు పనిదినాల్లో తీర్చాలి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలకు గీత 50 మంది, హమాలీలు, కాపలా కలిపినా 31 మందే. ప్రధాన కార్యకలాపంలో కాంట్రాక్టు మనుషులను పెట్టకూడదన్న సూత్రం ఆంధ్రప్రదేశ్‌లో 2003 సవరణ నుంచే ఉంది. ఎత్తుడు-దించుడు, కాపలా, శుభ్రం చేసే పని దాని బయట. జిన్ ఆడించే మనుషులను ఏజెన్సీకి ఇద్దామని వచ్చిన ఆలోచన అందుకే అక్కడే ఆగింది.

డిసెంబరు: చలానా చూడటం

కాపలా ఏజెన్సీ మొదటి బిల్లుతో పీఎఫ్ చలానా జతచేసింది. చలానా మీద 212 మంది, పెద్ద మొత్తం, కట్టినట్టు ముద్ర. అందులో మన ఏడుగురు ఉన్నారా? చలానా చెప్పదు. ఒకే చలానా పది మిల్లులకు చూపించవచ్చు. దానితోపాటు పోయిన పేర్లవారీ జాబితా అడగాలి, అందులో మన మనుషుల యూఏఎన్ వరుసలు, జీతం లేని రోజుల గడి చూడాలి. అడిగితే ఐదుగురే ఉన్నారు. మిగతా ఇద్దరి పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ పద్దులు బిల్లులో ఆపి, వాళ్ల పేర్లు తర్వాతి నెల చేరాక విడుదల చేశాం. ఇంకా మంచి పరీక్ష: కాపలా మనిషినే తన ఫోనులో పాస్‌బుక్కు తెరిచి చూడమనడం.

నెల క్యాలెండరు ఇప్పుడు ఇలా కుదిరింది. 1వ తేదీ పదకొండింటికి హాజరు మూత. 2న ముసాయిదా. 3న ప్రశ్నలు. 4న ఆమోదం. 5న బ్యాంకు. చట్టం గడువు 7. వృత్తి పన్ను 10 లోపు. పీఎఫ్, ఈఎస్ఐ గడువు 15 అయినా 12కే కడతాం, చివరి రోజుల్లో పోర్టల్ నత్తనడకన నడుస్తుంది.

ముసాయిదా 115 వరుసలూ చదవడం కుదరదు. ఐదు సంఖ్యలు చూస్తే చాలావరకు పట్టుబడుతుంది: పోయిన నెల మనుషులు, చేరినవాళ్లు, మానినవాళ్లు, ఈ నెల మనుషులు, మొత్తం ఓవర్‌టైము గంటలు. మొదటి నాలుగూ కూడిక తీసివేతతో కుదరాలి. ఆపైన పోయిన నెలకంటే జీతం పదిహేను శాతం అటూఇటూ మారిన వరుసలు విడిగా తీయించి అవి మాత్రం చదువుతాం. డిసెంబరులో ఇలాంటివి 23 వచ్చాయి, వాటిలో మూడు నిజమైన తప్పులు. రెండు షిఫ్టులు కలిపి చేసిన ఒక ప్రెస్సు మనిషి రెండో షిఫ్టు యంత్రంలో పడలేదు, చేతి మస్టరులో ఉంది.

జనవరి 2026: సుగ్గి

సంక్రాంతి దాటగానే కోసిగి, కౌతాళం వైపు కుటుంబాలు మిరపకోతకు గుంటూరు దిక్కు సుగ్గికి కదులుతాయి. నీళ్లు లేని నేల, మిల్లు కూలి ఒకరిది, అక్కడైతే ఇంటిల్లిపాదికీ పని. ఏటా జరిగేదే. ఒక్క వారంలో 19 మంది మానారు. పాత పద్ధతిలో వీళ్ల బాకీ వచ్చే నెల బటవాడాలో కలిసేది, తీసుకోవడానికి మనిషి ఊళ్లో ఉండడు, వరసకు తమ్ముడయ్యేవాడు వచ్చి సంతకం పెట్టేవాడు.

ఇప్పుడు దారి ఇది. హాలు మేస్త్రీ సాయంత్రం ఐదింటికి పేరు చెబుతాడు. గుమాస్తా ఆ రాత్రే చివరి రోజు, ఓవర్‌టైము, అడ్వాన్సు బాకీ పంపుతాడు. మర్నాడు పన్నెండింటికి లెక్క వస్తుంది, నాలుగింటికి ఖాతాలో పడుతుంది. మంగళ, శుక్రవారాల లెక్కలని ఒప్పందంలో రాసినవి ఈ వారానికి సరిపోలేదు, మానేవాళ్లు సోమవారం ఎక్కువ. అందుకే జనవరి మధ్య నుంచి నెలాఖరు దాకా రోజూ లెక్క అని సవరణ పత్రం రాసుకున్నాం. కౌతాళం, కోసిగి మనుషులున్న ఏ మిల్లయినా ఇది ముందే రాసుకోవాలి.

మానినవాళ్ల విషయంలో ఇంకో నాలుగు పనులు సంస్థ జాబితాలో లేవు, చేర్పించాం. ఆ నెల పీఎఫ్ ఫైలు పోయాకే మానిన తేదీ పోర్టల్లో వేయాలి, వేయకుండా వదిలేస్తే గుంటూరు వైపు ఇంకో మిల్లులో చేరినా, డబ్బు అడిగినా చిక్కు. ఏడాదిలో 30 పనిదినాలు చేసినవాళ్లు బోనస్‌కు అర్హులు, మానిపోయినా సరే, వాళ్ల ఖాతా నంబరు పట్టీలోంచి తీసేయకూడదు. గ్రాట్యుటీకి సీజన్ మనిషికి సీజన్‌కు ఏడు రోజుల కూలి, మిల్లు నడిచిన రోజుల్లో 75 శాతం వచ్చి ఉంటే ఆ సీజన్ నిరంతర సర్వీసు. అందుకే మిల్లు ఎన్ని రోజులు నడిచిందో కూడా ఏటా సంతకంతో భద్రపరచాలి. నాలుగోది, పింఛను డబ్బు తీసేసుకుంటే ఆ సర్వీసు పోతుందని, దాని బదులు ఆ సర్వీసును నిలబెట్టే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవచ్చని మనిషి వెళ్లేముందు తెలుగులో చెప్పాలి. ఇది ఫోను చేసే కాల్ సెంటరుతో అయ్యే పని కాదు. బుధవారం సాయంత్రం గేటు గదిలో గుమాస్తా కూర్చుంటాడు, సంస్థ మనిషి స్పీకర్‌ఫోనులో ఉంటాడు.

ఫిబ్రవరి: డేటా వెనక్కి అడిగి చూడటం

ఒప్పందం బాగా నడుస్తున్నప్పుడే ముగింపు షరతును పరీక్షించాలి. జనవరి నెల మొత్తం డేటా ఎక్సెల్‌లో అడిగి, వాళ్ల సాఫ్ట్‌వేరు లేకుండా జీతాల పట్టీ ఇక్కడే కట్టి చూశాం. 115 మందిలో 112 వరుసలు రూపాయితో సహా కుదిరాయి. కుదరని మూడూ అడ్వాన్సు వాయిదా ఉన్నవాళ్లవి: మొత్తం అడ్వాన్సు, మిగిలిన వాయిదాల గడులు ఫైలులో రాలేదు. ఇంకా రెండు గడులు లేవు: పీఎఫ్‌లో చేరిన తేదీ, మునుపటి యూఏఎన్. ఈ నాలుగు గడులు ప్రతి నెలా 6వ తేదీ మెయిల్లో రావాలని రాయించాం. ఆ ఫైలు ఆఫీసు కంప్యూటరులో ఒకటి, పెన్‌డ్రైవులో బీరువాలో ఒకటి.

మిగిలిన పనులు: ఐదుగురి ఆధార్ సవరణ. రెండు యూఏఎన్‌ల బదిలీ. ఆఫీసు సిబ్బంది ఆరుగురి కొత్త జీతం పత్రాలు. 40 ఏళ్లు దాటినవాళ్లకు కోడ్ ప్రకారం ఏటా ఉచిత వైద్య పరీక్ష, ఎక్కడ చేయించాలో తేల్చాలి. గుమాస్తా రిటైరయ్యేలోపు కాటా దగ్గర పనిచేసే అమ్మాయికి ఐదు సంఖ్యల తనిఖీ నేర్పడం మొదలైంది, ఫిబ్రవరి ముసాయిదా ఆమె చదువుతుంది, ఆయన పక్కన కూర్చుంటాడు.